వినడం నేర్పిన ఊరు

దేవుడు మాట్లాడితే ఎలా ఉంటుంది? ఉరుములా వినిపిస్తుందా? కలలో కనిపించి చెబుతాడా? మరి మన మనసే మనతో మాట్లాడితే, దానికి మనం దేవుడి పేరు పెట్టేస్తే? సరిగ్గా ఈ ప్రశ్నలతోనే ఐదొందల ఏళ్ల కిందట కాలు దెబ్బతిన్న ఓ సైనికుడు స్పెయిన్‌లోని చిన్న ఊళ్లో దాదాపు పదకొండు నెలలు గడిపాడు. అక్కడ ఆయన నేర్చుకున్న పాఠం కోసం ఇప్పటికీ దేశదేశాల నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఆ ఊరే మన్రేసా.

బార్సిలోనా అనగానే ఎవరికైనా ఫుట్‌బాలూ, సముద్రతీరమూ, గౌడీ రూపమిచ్చిన ఆకాశమంత చర్చీ గుర్తొస్తాయి. పర్యాటకుల్లో ఎక్కువమంది వాటిని చూసి తిరుగుముఖం పడతారు. కొందరు మాత్రం ప్లాసా ఎస్పాన్యా స్టేషన్లో ఆర్-5 రైలెక్కుతారు. ఊళ్లూ ఫ్యాక్టరీలూ దాటాక కిటికీలోంచి ఓ వింత కొండ కనిపిస్తుంది. రంపాన్ని తిరగేసి పళ్లు పైకి నిలబెట్టినట్టు ఉంటుంది. పేరు కూడా అదే... మోంట్సెరాట్, అంటే రంపపు కొండ. కొండమీది మఠంలో ఉన్న నల్ల మరియమాతను చూడాలనుకునేవాళ్లు మోనిస్ట్రోల్‌లో దిగి పళ్లచక్రాల రైల్లో పైకి వెళ్తారు. మిగిలినవాళ్లతో రైలు ముందుకు సాగి, మొత్తం గంటన్నర ప్రయాణంలో మన్రేసా చేరుతుంది.

మన్రేసా పెద్ద నగరమేం కాదు. జనాభా ఎనభై వేలకు దగ్గరగా ఉంటుంది. ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరు. గుట్టమీద 1328లో కట్టడం మొదలెట్టిన 'లా సెయు' చర్చి, కింద కార్దనెర్ నది, నదిమీద రాతి కమానుల పాత వంతెన. అంతర్యుద్ధం చివర్లో, 1939లో ఆ వంతెనను పేల్చేస్తే తర్వాత పాత రూపంలోనే మళ్లీ కట్టుకున్నారు. అక్కడ నిలబడి తలెత్తితే రాతిగట్టుమీద ఓ చర్చి, దాని పక్కనే పొడవాటి పెద్ద భవనం కనిపిస్తాయి. ఇంతదూరం వచ్చినవాళ్లు చూడాలనుకునే గుహ ఆ గోడల లోపలే ఉంది.

లయోలా... మనకు తెలిసిన పేరే!

విజయవాడలో 'లయోలా' అంటే కాలేజీ. 1953లో ఏర్పాటైన ఆంధ్రా లయోలా కాలేజీ పేరు వినని తెలుగు కుటుంబాలు తక్కువ. సికింద్రాబాద్ ఆల్వాల్‌లో లయోలా అకాడమీ ఉంది. ఇంతకీ ఈ లయోలా ఎక్కడిది? ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో, అస్పేయితియా అనే ఊరి దగ్గర ఉన్న ఓ కోట ఇల్లు. 1491లో ఆ ఇంట్లో పుట్టిన ఇనిగోనే తర్వాత ఇగ్నేషియస్ లయోలాగా లోకానికి తెలిశాడు. కాలేజీలు నడిపే జెస్యూట్ గురువుల సభకు మూలపురుషుడు ఆయనే.

మొదట్లో ఆయనకు దేవుడి గొడవే లేదు. కత్తి, గుర్రం, రాచకొలువు... ఇవే లోకం. 1521 మే 20న పాంప్లోనా కోటమీద ఫ్రెంచి సేనలు దాడి చేసినప్పుడు ఫిరంగి గుండు తగిలి ఒక కాలు విరిగింది, రెండో కాలికీ గాయమైంది. ఎముక సరిగా అతక్కపోతే మళ్లీ విరిచి కట్టారు. ఓ ముక్క పైకి పొడుచుకొచ్చి అసహ్యంగా కనిపిస్తోందని, అందమైన బిగుతు బూట్లు తొడుక్కోవడానికి అడ్డమని, దాన్ని రంపంతో కోయించుకున్నాడు. మత్తుమందులు లేని రోజులవి!

మంచంమీద నెలల తరబడి కాలక్షేపానికి వీరగాథలు అడిగితే ఇంట్లో దొరకలేదు. దొరికినవి రెండే... క్రీస్తు జీవితం, పునీతుల కథలు. అవి చదువుతూ పగటికలలు కనేవాడు. ఓ గొప్పింటి స్త్రీ మెప్పు కోసం తాను చేయబోయే సాహసాల గురించి గంటలకొద్దీ ఊహించుకునేవాడు. మరోసారి పునీత ఫ్రాన్సిస్‌లా, డొమినిక్‌లా బతికితే ఎలా ఉంటుందని ఆలోచించేవాడు. రెండూ ఆ క్షణానికి తీపిగానే ఉండేవి. కానీ మొదటి కల అయిపోయాక మనసు ఎండిపోయినట్టయ్యేది. రెండో కల అయిపోయాక కూడా లోపల సంతోషం నిలిచి ఉండేది. ఆలోచన ఎంత తీపిగా ఉందన్నది కాదు, అది వెళ్లిపోయాక నోట్లో ఏ రుచి మిగిలిందన్నది చూడాలి... ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఆ ఇల్లు ఇప్పుడు లయోలా తీర్థస్థలంలో భాగం. ఆయన మంచాన పడి ఉన్న గదిని ప్రార్థనామందిరంగా మార్చారు.

కంచరగాడిద తీర్పు

ఒక్క పాఠంతో వినడం వచ్చేస్తుందా? రాదు. నడవగలిగే స్థితికి వచ్చాక ఇనిగో మోంట్సెరాట్‌కు బయల్దేరాడు. దారిలో ఓ ముస్లిం ప్రయాణికుడు కలిశాడు. మాటల్లో మరియమ్మ కన్యత్వం దగ్గర వాదన వచ్చింది. ఆ మనిషి తన దారిన ముందుకెళ్లిపోయాక ఇనిగోకు కోపం రాజుకుంది. మాత పరువు కాపాడటానికి అతణ్ని కత్తితో పొడవాలా, వద్దా? ఎంత ఆలోచించినా తేలలేదు. చివరికి తీర్పును కంచరగాడిదకు వదిలేశాడు! కళ్లెం వదులుచేశాడు. అది ఆ మనిషి వెళ్లిన ఊరి దారి పడితే పొడవడం, రహదారి పడితే వదిలేయడం. ఊరి దారి వెడల్పుగా, బాగానే ఉన్నా గాడిద రహదారి పట్టింది. ఓ ప్రాణం దక్కింది.

ఈ సంగతిని దాచకుండా చెప్పింది ఇగ్నేషియసే. ముసలితనంలో శిష్యుడికి తన కథ చెబుతూ, దేవుణ్ని ప్రేమించే ఉత్సాహం ఉండి వివేచన లేకపోతే మనిషి ఎంతదాకా వెళ్తాడో ఇలా చూపించాడు.

మోంట్సెరాట్‌లో మూడు రోజులు పాపసంకీర్తనం చేశాడు. 1522 మార్చి 24 రాత్రంతా మరియమాత బలిపీఠం ముందు జాగారం ఉన్నాడు. కత్తినీ బాకునూ అక్కడే వదిలేశాడు. తన ఖరీదైన బట్టలు ఓ బిచ్చగాడికిచ్చి గోనెగుడ్డ కట్టుకున్నాడు. తెల్లారాక కొండ దిగి వెళ్తుంటే ఓ మనిషి పరుగున వచ్చి, 'ఆ బట్టలు నిజంగా మీరే ఇచ్చారా?' అని అడిగాడు. బిచ్చగాడు దొంగిలించాడనుకుని జనం అతణ్ని ఇబ్బంది పెట్టారట. ఇనిగో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంచి చేయాలన్న తొందరలోనూ పక్కమనిషికి కష్టం రావచ్చని ఆ ఉదయం తెలిసొచ్చింది.

చీకటి నెలలు

నాలుగు రోజులుండి వెళ్దామని మన్రేసాకు వచ్చినవాడు 1523 ఫిబ్రవరి దాకా ఉండిపోయాడు. అడుక్కు తినడం, ఆసుపత్రిలో రోగులకు సేవ చేయడం, రోజూ గంటలకొద్దీ ప్రార్థన. జుట్టు కత్తిరించలేదు, గోళ్లు తీయలేదు. వీధి పిల్లలు 'గోనె మనిషి' అని పిలిచేవారట.

కొన్ని నెలలు ప్రశాంతంగా గడిచాక తుపాను మొదలైంది. చెప్పుకున్న పాపమే మళ్లీ గుర్తొచ్చేది. సరిగా చెప్పానా? ఏదైనా వదిలేశానా? మళ్లీ గురువు దగ్గరికి పరుగు. మళ్లీ అదే అనుమానం. దేవుడే తనను నిలదీస్తున్నాడనుకున్నాడు. అది ముదిరి, ఓ దశలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా తరిమింది. దేవుడు కరుణించేదాకా తిననని వారంపాటు పస్తున్నాడు. సంగతి తెలిసి గురువు గట్టిగా చెప్పాడు... ముందు అన్నం తిను!

ఆయన తిన్నాడు. అనుమానాలు తగ్గి, మళ్లీ వచ్చాయి. అప్పుడు లయోలాలో నేర్చుకున్న పాఠం అక్కరకొచ్చింది. ఈ స్వరం నన్ను ఎక్కడికి తీసుకెళ్తోంది? బతుకుమీద అసహ్యం పుట్టించి, గొయ్యి అంచుకు తోసేది దేవుడి స్వరం ఎలా అవుతుంది? భక్తి వేషం వేసుకొచ్చినా అది వేరే స్వరమేనని తేల్చుకున్నాడు. ఆ పాత పాపాలను ఇక తవ్వకూడదని నిశ్చయించుకున్నాడు. గుండెలోంచి బండ దొర్లినట్టయింది.

ఇంకో చిన్న సంగతి. రాత్రి పడుకోబోయేసరికి గొప్ప గొప్ప ఆధ్యాత్మిక ఆలోచనలు వచ్చేవి. ఎంతో హాయి. కానీ ఉన్న కాస్త నిద్రా పోయేది. పగలంతా దేవుడికే ఇచ్చాను కదా, ఈ కాస్త సమయం నిద్రకు కేటాయించింది కదా అని ఆలోచించి, హాయిని పక్కనబెట్టి పడుకున్నాడు! తర్వాత ముప్పై దాటిన వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లలతో కలిసి లాటిన్ నేర్చుకునేటప్పుడూ ఇదే తంతు. పద్దులు వల్లెవేయబోతే దివ్యమైన ఆలోచనలు. ప్రార్థనలో రానివి పాఠం దగ్గరే ఎందుకొస్తున్నాయి? విషయం పసిగట్టి, ఇక పాఠం ఎగ్గొట్టనని మాస్టారికి మాటిచ్చాడు.

నది ఒడ్డున...

ఓ రోజు ఊరి బయటి చర్చికి నడుస్తూ కార్దనెర్ వైపు తిరిగి కూర్చున్నాడు. లోతుగా పారుతున్న నీళ్లను చూస్తుండగా మనసులో ఏదో తెరుచుకుంది. దర్శనం కాదు, మాటా వినిపించలేదు. అంతా కొత్తగా అర్థమైంది, అంతే. జీవితమంతా దేవుడి నుంచి పొందినవన్నీ ఒకచోట చేర్చినా ఆ ఒక్కసారికి సాటిరావని చివరి రోజుల్లో చెప్పుకున్నాడు.

బైబిలు చదివే ఇళ్లలో ఇలాంటి కథలు తెలిసినవే. ఏలీయా కొండమీద నిలబడితే పెనుగాలిలో దేవుడు లేడు, భూకంపంలో లేడు, మంటలో లేడు. ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరంలో ఉన్నాడు. బాలుడైన సమూయేలు దేవుడు మొదట్లో పిలిచినప్పుడల్లా ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరికే పరుగెత్తాడు. పిలిచింది ఎవరో అర్థం కావడానికి ఓ పెద్దమనిషి సాయం కావాల్సొచ్చింది.

మన్రేసాలో రాసుకోవడం మొదలెట్టిన నోట్సే తర్వాత 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకమైంది. అయితే ఇంత ధైర్యంగా దేవుడి సంగతులు చెబుతున్న ఈ చదువులేని మనిషెవరని చర్చి అధికారులకు అనుమానం వచ్చింది. 1527లో అల్కలాలో, సలమాంకాలో జైల్లో పెట్టి విచారించారు. తప్పు దొరకలేదు కానీ చదువుకోకుండా కొన్ని విషయాలు బోధించవద్దన్నారు. ఆయన కోపగించుకోకుండా పారిస్ వెళ్లి చదువుకున్నాడు. అక్కడ దొరికిన స్నేహితుల్లో ఒకరు ఫ్రాన్సిస్ జేవియర్. 1542లో గోవాలో అడుగుపెట్టింది ఆయనే. 1540లో జెస్యూట్ సభకూ, 1548లో ఆ పుస్తకానికీ పోపు ఆమోదం లభించాయి.

గుహలో ఇప్పుడు...

ముళ్లపొదల మధ్య ఉండే ఆనాటి రాతిగూడు ఇప్పుడు ప్రార్థనామందిరం. బలిపీఠం వెనక ఇగ్నేషియస్ రాసుకుంటున్నట్టు పాలరాయిలాంటి తెల్లరాతిలో చెక్కిన బొమ్మ. తలపైన అదే పాత బండ. కట్టడంలోంచి దూరంగా మోంట్సెరాట్ కనిపిస్తుంది. లయోలా నుంచి ఇక్కడిదాకా ఆయన వచ్చిన దారిని 27 మజిలీల కాలినడక బాటగా గుర్తించారు. ఓపికున్నవాళ్లు 600 కిలోమీటర్లకు పైగా నడిచి మరీ వస్తారు.

పక్క భవనంలో నెల రోజుల మౌన సాధన జరుగుతుంది. రోజుకు నాలుగైదు గంటలు ప్రార్థన. గైడుతో రోజుకోసారి మాట. ఆ గైడు కూడా ఎక్కువ మాట్లాడకూడదు, 'దేవుడు నీకిది చెప్పాడు' అని తీర్మానించకూడదు. దేవుడికీ మనిషికీ మధ్య అడ్డురాకుండా ఉండటమే అతని పని. ఇల్లూ ఉద్యోగమూ వదిలి రాలేనివాళ్లు రోజుకు గంటన్నర చొప్పున ఇంట్లోనే చేసుకునే వెసులుబాటును ఇగ్నేషియసే పుస్తకంలో రాసిపెట్టాడు. పోపుగా ఎన్నికైన తొలి జెస్యూట్, 2025లో కన్నుమూసిన పోప్ ఫ్రాన్సిస్ కూడా 2022లో ఈ వివేచన గురించే వరసగా ప్రసంగాలు చేశాడు.

'దేవుడు నాతో మాట్లాడాడు' అన్న మాట తెలుగు క్రైస్తవుల సాక్ష్యాల్లోనూ తరచూ వినిపించేదే. పెళ్లి సంబంధం, ఉద్యోగం మానడం, పొలం అమ్మడం... ఆ ఒక్క మాటమీద ఒక కుటుంబం బతుకే మారిపోవచ్చు. అందుకే ఆ పుస్తకంలోని కొన్ని సూత్రాలు ఏ ఇంట్లోనైనా గుర్తుంచుకోదగ్గవి. మనసు చీకటిగా ఉన్నప్పుడు, ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దు. మంచిదారిలో నడిచేవాడికి దేవుడి ప్రేరణ స్పాంజిలోకి నీటిబొట్టు ఇంకినట్టు మెత్తగా వస్తుంది, చెడు ప్రేరణ రాతిమీద పడ్డ బొట్టులా చిట్లుతుంది. 'ఎవరికీ చెప్పకు' అనే స్వరాన్ని అనుమానించు, నమ్మకమైన పెద్దలకు చెప్పేయ్. రోజు ముగిసేలోపు కాసేపు కూర్చుని, ఇవాళ నన్ను ఏది దేవుడివైపు నడిపింది, ఏది పక్కకు లాగిందని వెనక్కి తిరిగి చూసుకో.

ఇందులో అద్భుతాలేం లేవు. అన్నం తినమన్న గురువు మాట వినడం, నిద్రవేళ నిద్రపోవడం, పాఠం వేళ పాఠం చదువుకోవడం... వాటితోనే ఆయన చెవి పదునెక్కింది. మన్రేసా గుహ చూసి వెళ్లేవాళ్లకు అక్కడ ఏ స్వరమూ వినిపించకపోవచ్చు. ఆ రాత్రి పడుకునే ముందు రోజంతా ఓసారి తిరగేసుకుంటే చాలు, అంతదూరం వెళ్లిన ప్రయాణం దండగ కానట్టే!