పూటకూళ్ళమ్మ ఇల్లు ఎవరిది?

రెడ్డిగూడెం మామిడితోటల దారిన పోతుంటే నాకు పాతకాలపు పూటకూళ్ళ ఇళ్ళు తలపుకొస్తాయి. వాటిని నడిపినవాళ్ళలో భర్త పోయిన ఆడవాళ్ళు ఎందరో. గురజాడ ‘కన్యాశుల్కం’లో చూపించిందీ అలాంటి ఆమెనే.

పొయ్యి ఆమెది, చెమట ఆమెది. మరి ఇల్లు? తన సంపాదనతో కొన్నదైతే వేరు. భర్త నుంచి వచ్చిందైతే బతికున్నంతకాలం అనుభవించడమే. ఫలానావారికి చెందాలని వీలునామా రాసే హక్కు అప్పట్లో ఉండేది కాదు. ఆమె కన్నుమూయగానే అది భర్త వారసులకు పోయేది. పక్కన నిలబడి గరిటె తిప్పిన మేనకోడలికి ఇద్దామన్నా చట్టం ఒప్పుకునేది కాదు. ఎంత అన్యాయం!

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ పరిమిత హక్కును సంపూర్ణం చేసింది. మనోవర్తి కింద దక్కిన ఆస్తికీ అది వర్తిస్తుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అయినా, “నా భార్య జీవితాంతం అనుభవించి, తదుపరి కొడుకులకు” అని రాసే హోటల్ యజమానులు ఇంకా ఉన్నారు. అదే సెక్షన్ రెండో భాగం సాధారణంగా ఆ షరతును నిలబెడుతుంది. తెల్లవారుజామున పిండి రుబ్బిన మనిషికి అనుభవం మాత్రమేనా? ఆ షరతు లేకుండా, ఆస్తి పూర్తిగా ఆమెకే చెందేలా వీలునామా మళ్ళీ రాయండి. వీలునామాకు మీ సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.