ఆరు యూనియన్లు

మా నాన్న పైపు ఫిట్టరు. ఫస్టియర్‌లో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర నేను ‘బిజినెస్’ అని రాశాను. ఫ్రెండ్స్ అడిగితే ‘కాంట్రాక్ట్స్ చేస్తారు’ అనేవాణ్ణి. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

మొన్న వేసవి సెలవుల్లో నాన్నకి కుడి భుజం పట్టేసింది. అప్పటికే విజయవాడ ఆటోనగర్‌లో కొత్తగా పెడుతున్న ఒక టైర్ల షాపుకి కంప్రెసర్ గాలి లైను వేస్తానని ఒప్పుకుని ఉన్నాడు. అంగుళం నల్ల పైపు, గోడ వెంట పొడుగ్గా ఒక మెయిన్ లైను, దాంట్లోంచి కిందికి ఆరు డ్రాపులు. శుక్రవారం పొద్దున 9 గంటలకి షాపు ఓపెనింగ్. బుధవారం రాత్రి అన్నం తింటూ, “రేపు హెల్పర్‌గా వస్తావా?” అని అడిగాడు. మెకానికల్ థర్డియర్ వాణ్ణి హెల్పరా అని లోపల అనిపించింది గానీ, సరేనన్నాను.

సరుకు తెచ్చే పని నాదే. నాన్న చీటీ రాసిచ్చాడు: సి క్లాస్ పైపు, ఎల్బోలు, టీలు, నిపుల్స్, వాల్వులు, ఆరు యూనియన్లు. “ఎర్ర పట్టీ చూసి తీసుకో, నీలం పట్టీది అంటగట్టేస్తారు” అన్నాడు. మన దగ్గర ఐఎస్ 1239 పైపులకి లైట్ అంటే పసుపు పట్టీ, మీడియం అంటే నీలం, హెవీ అంటే ఎరుపు. గాలి లైనుకి అంత మందం ఎందుకని నేను దారిలో లెక్క వేసుకున్నాను. అంగుళం పైపుకి మర లోతు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. లైట్ పైపు గోడ మందం 2.6 మిల్లీమీటర్లు. మర కోశాక అక్కడ మిగిలేది ఒక మిల్లీమీటరు పైచిలుకు. హెవీ పైపు 4 మిల్లీమీటర్లు కాబట్టి రెండున్నర మిగులుతుంది. తుప్పు తినడం మొదలుపెట్టేది కూడా ఆ పల్చని చోటే. ఆహా, నాన్న చెప్పింది కరెక్టే, నేను లెక్కతో ప్రూవ్ చేశాను అని భలే సంతోషపడ్డాను. ఆ సంతోషంలోనే రెండు తప్పులు చేశాను.

మొదటిది యూనియన్లు. సాకెట్‌తో పోలిస్తే యూనియన్ ఖరీదెక్కువ. లైను మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంటే సరిపోతుంది కదా, ఆరెందుకు అనుకుని రెండే కొన్నాను. డబ్బు మిగిల్చానని నాన్న మెచ్చుకుంటాడనుకున్నా.

రెండోది నిపుల్స్. కొట్టువాడు రెండు ట్రేలు చూపించాడు. ఒకదాంట్లో మామూలు నల్ల నిపుల్స్. ఇంకోదాంట్లో నున్నగా, మర తళతళలాడుతూ ఉన్నవి, పైగా రేటు తక్కువ. వాటిల్లోంచి రెండు తీసుకున్నాను. “అంగుళమే కదా?” అంటే “అంగుళమే” అన్నాడు. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం.

గురువారం పొద్దున్నుంచీ పని. నాన్న పైపుని వైసులో బిగించి డై సెట్టుతో మర కోస్తుంటే నేను ఆయిల్ పోస్తున్నా. రెండు చుట్లు ముందుకి, కాస్త వెనక్కి. వెనక్కి తిప్పకపోతే పొట్టు ఇరుక్కుని మర చిరిగిపోతుంది. కోసిన ప్రతి చివరా లోపలి అంచు గీకించాడు. టేపు చుట్టడం కూడా నేర్పాడు: పైపు చివర నీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి, మొదటి మర వదిలెయ్యాలి. లేదంటే టేపు ముక్క లైనులోకి పోయి రెగ్యులేటర్‌లో అడ్డం పడుతుంది. చేత్తో మూడు నాలుగు చుట్లు వెళ్ళాలి, ఆ తర్వాత రెంచితో ఇంకో రెండు. ఎల్బో కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పకూడదు. తిప్పితే ఆ జాయింట్ పోయినట్టే, విప్పి మళ్ళీ చుట్టుకోవాల్సిందే.

మధ్యాహ్నం నాన్న డ్రాపులకి మర కోస్తుంటే మెయిన్ లైను మధ్యలో వాల్వు నేనొక్కణ్ణే బిగించాను. నా తళతళల నిపుల్ చేత్తో రెండు చుట్లు కూడా వెళ్ళలేదు. బలం తక్కువైందనుకుని రెంచి పిడికి పైపు ముక్క తొడిగి తిప్పాను. కీచుమంటూ వెళ్ళింది. గట్టిగా తిరిగింది కాబట్టి గట్టిగా బిగిసిందనుకున్నా. యూనియన్లు రెండే ఉన్నాయని నాన్న సాయంత్రం చూశాడు. ఏమీ అనలేదు. అప్పటికి లైను మొత్తం గోడకి ఎక్కేసింది.

రాత్రి 8 గంటలకి టెస్టింగ్. నాన్న హ్యాండ్ పంపు పెట్టి లైనులోకి నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టాడు.

“గాలి లైనుకి నీళ్ళెందుకు నాన్నా? కంప్రెసర్ ఆన్ చేసి సబ్బు నురగ రాస్తే తెలిసిపోతుందిగా?”

“నీళ్ళయితే కారుద్ది. గాలయితే పేలుద్ది” అన్నాడు.

థర్మోడైనమిక్స్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. నీరు దాదాపు నొక్కుకుపోదు, అందుకే జాయింట్ ఊడితే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతుంది. గాలి అలా కాదు, నొక్కిన స్ప్రింగులాగా శక్తిని దాచుకుంటుంది, ఊడిన ముక్కని విసిరికొడుతుంది. ఇదంతా పరీక్షలో రాశాను. కానీ ఆ గోడ పక్కన నిలబడినప్పుడు గుర్తు రాలేదు.

నడిచే ప్రెషర్ 8 కేజీలు, టెస్ట్ 12కి. పది నిమిషాల్లో ముల్లు 9కి దిగింది. టార్చ్ వేసి చూస్తే వాల్వు పక్కన నా నిపుల్ దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది.

“ఇంకొంచెం టేపు చుడదామా?” అన్నాను.

“టేపు సందు నింపుద్దిరా. మర తప్పైతే టేపేం చేస్తది?”

మిగిలిన రెండో నిపుల్ తీసుకుని, జేబులో ఎప్పుడూ ఉంచుకునే పాత సాకెట్‌లో తిప్పాడు. ఆగిపోయింది. దాన్నీ ఒక మామూలు నిపుల్‌నీ పక్కపక్కన ఆనించి లైటుకి పెట్టి చూపించాడు. మొదట్లో పళ్ళు కలిశాయి, పోనుపోను తప్పుకున్నాయి, మధ్యలోంచి వెలుగు కనబడింది. మన మర బీఎస్‌పీ, అంగుళానికి 11 చుట్లు, కోణం 55 డిగ్రీలు. నేను తెచ్చింది అమెరికా పద్ధతి ఎన్‌పీటీ, పదకొండున్నర చుట్లు, 60 డిగ్రీలు. ఈ అంకెలు నాకు తెలుసు. వైవాలో చెప్పాను కూడా. నాన్నకి అంకెలు తెలియవు, వెలుగు కనబడితే అది కలవదని తెలుసు.

అసలు కథ అప్పుడు మొదలైంది. మధ్యలో ఉన్న ఒక్క నిపుల్ మార్చాలి. రెండు చివర్లా మర ఉన్న పైపుని ఒకవైపు విప్పుతుంటే రెండోవైపు బిగుస్తుంది. పక్కన యూనియన్ ఉంటే దాని నట్టు విప్పి, ఆ ముక్క తీసి, అరగంటలో ముగించేవాళ్ళం. యూనియన్ చివర్లో ఉంది. కాబట్టి చివర్నుంచి మధ్యదాకా ఒక్కొక్క పైపూ, ఒక్కొక్క టీ విప్పుకుంటూ రావాలి. టీ తిరగాలంటే దానికి వేలాడే డ్రాపు ముందు ఊడదీయాలి. మూడు డ్రాపులు దించాం. విప్పిన ప్రతి మరా బ్రష్‌తో తుడిచి మళ్ళీ టేపు చుట్టాం. సామాను పెట్టెలో ఉన్న పాత యూనియన్ ఒకటి ఈసారి నాన్న వాల్వు పక్కనే వేశాడు. నేను నిచ్చెన మీద, నాన్న కింద. భుజం లేవక ఎడమ చేత్తో రెంచి పట్టుకుని తిప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ టెస్ట్ పెట్టేసరికి తెల్లవారుజాము 4 అయింది. ముల్లు 12 దగ్గర నిలబడింది. అరగంట దాని ముందు కూర్చున్నాం. ఆ తర్వాత నల్ల పైపు లోపల తుప్పు పట్టకుండా నీళ్ళన్నీ వదిలేసి, తక్కువ ప్రెషర్‌తో గాలి ఊదించాం.

పొద్దున్నే వచ్చిన ఓనరు గారు తడిసిన నేల చూసి, “రాత్రంతా ఉన్నారంట, ఏమైంది?” అని అడిగారు.

“సరుకు నేను చూసుకోవాల్సిందండి, పొరపాటైంది. ఇప్పుడేం ఫర్వాలేదు” అన్నాడు నాన్న.

“ఈ అబ్బాయి?”

“మావాడేనండి. మెకానికల్ ఇంజనీరింగ్, మూడో సంవత్సరం.”

ఆ మాట అంటున్నప్పుడు నాన్న చేతిలో నేను పాడుచేసిన నిపుల్ ఉంది. గొంతులో మాత్రం నన్ను చూసి సిగ్గుపడుతున్న ఛాయ ఎక్కడా లేదు. మూడేళ్ళుగా నేను ఆయన్ని దాచుకు తిరుగుతున్నానని ఆయనకి తెలియదు. ఇంటికెళ్ళే దారిలో బండి నేనే నడిపాను. చెబుదామనుకున్నా, నోరు రాలేదు. “యూనియన్లు ఆరూ తేవాల్సింది” అని మాత్రం అన్నాను. “పైపు వేసేటప్పుడే విప్పే రోజు గురించి ఆలోచించాల్రా” అన్నాడు, వెనక కూర్చుని ఆవలిస్తూ.

ఆ నిపుల్ ఇప్పుడు హాస్టల్లో నా టేబుల్ మీద ఉంది. ఈ సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర ‘పైపు ఫిట్టర్’ అని రాశాను. ఆఫీసులో ఆయన ఆ గడి వైపు చూడను కూడా చూడలేదు, స్టాంపు కొట్టి పక్కన పడేశాడు.