అడిగితే చెప్పని ప్రోగ్రాము

ఫైనలియర్లో ఉండగా మా హాస్టల్ మెస్ లెక్కల కోసం జావాస్క్రిప్టులో ఒక ప్రోగ్రాము రాశాను. బటన్లూ బొమ్మలూ ఏమీ ఉండవు. నల్లటి తెరమీద ‘మెస్‌బిల్’ అనీ, పక్కన నెల పేరూ కొడితే చాలు. ఎవరెన్ని పూటలు తిన్నారో, ఎవరి గెస్టులెందరో లెక్కకట్టి బిల్లులు తీసేది. మెస్ సెక్రటరీ భుజం తట్టాడు. నేను కాస్త ఉబ్బిపోయిన మాట నిజమే. వాడే పద్ధతి ఎక్కడైనా రాసిపెట్టానా అంటే, లేదు. రాసినవాణ్ణి పక్కగదిలోనే ఉన్నాను గదా అని ధీమా!

పరీక్షలయ్యాయి, నేను ఊరెళ్ళిపోయాను. లెక్కలు ఒక జూనియర్ చేతికొచ్చాయి. పాపం, బుద్ధిమంతుడు. తెలియని కమాండు ఎదురైతే ఎవరైనా చేసే పనే చేశాడు. ‘మెస్‌బిల్’ పక్కన రెండు అడ్డగీతలు పెట్టి ‘హెల్ప్’ అని కొట్టాడు. నా ప్రోగ్రాము దాన్నొక నెల పేరనుకుంది! ఆ పేరుతో బిల్లులు తీసి, నెల ముగిసిందని గెస్టుల పద్దంతా తుడిచేసింది. రెండు రాత్రులు కూర్చుని మెస్ నోటుబుక్కులోంచి మళ్ళీ ఎక్కించాడట.

ఫోన్లో తిట్టలేదు. “అన్నా, అడిగితే చెప్పాలి గానీ చేసేస్తే ఎట్లా?” అన్నాడంతే.

దిద్దడానికి పట్టింది పది నిమిషాలు. నోడ్‌లో మనం కొట్టిన మాటలన్నీ ‘ప్రాసెస్ డాట్ ఆర్గ్‌వీ’ అనే వరుసలో చేరతాయి. మొదటి రెండు స్థానాల్లో నోడ్ ఎక్కడుందో, మన ఫైలు ఎక్కడుందో ఉంటుంది. మన మాటలు మూడో స్థానం నుంచి. ఏ పద్దూ ముట్టకముందే అక్కడ ‘హెల్ప్’ ఉందేమో చూడాలి. ఉంటే వాడుక చూపించి, సున్నా కోడుతో మర్యాదగా తప్పుకోవాలి. తెలియని నెలైతే అసలు కదలకూడదు. ‘కమాండర్’ లాంటి లైబ్రరీ తెచ్చుకుంటే హెల్ప్ పేజీ అదే కట్టిపెడుతుంది. కానీ కమాండు ఎదుట ఏం రాయాలో అది చెప్పదు.

తంటా అక్కడే వచ్చింది. ‘నెల లెక్క ముగించును’ అని రాసి పంపాను. జూనియర్ ఒప్పుకోలేదు. “పద్దు పోతుందని ఎక్కడుందన్నా?” 1971లో బెల్ ల్యాబ్స్‌లో థాంప్సన్, రిచీలు తెచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్లో, కమాండు ఏం చేస్తుందో చెప్పాక దాని లోపాలకు ‘బగ్స్’ అని ఒక శీర్షిక ఉండేది. అంతటివాళ్ళకు లేని నామోషీ నాకెందుకు?

ఇప్పుడక్కడ జూనియర్ మాటలే ఉన్నాయి: ‘ఇది కొడితే గెస్టుల పద్దు చెరిగిపోతుంది, తిరిగి రాదు. ముందు కాపీ తీసుకో.’

అన్నట్టు, ఆ తుడిచిపెట్టుకుపోయిన పద్దులో నావి కూడా మూడు గెస్టు భోజనాలున్నాయట. డబ్బు పంపేశాను.