లేసు అల్లిన చేతులు

మా ముగ్గురు అక్కచెల్లెళ్ల స్కూలు ఫీజులు అమ్మ లేసు సూదితోనే కట్టారు. నరసాపురానికి దగ్గరి పల్లె మాది. పొద్దున్నే వంట ముగించి, నాన్నకు క్యారేజీ కట్టి పంపాక అమ్మ అరుగు మీద కూర్చునేది. ఒడిలో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది. ఒక్కొక్క పువ్వే అల్లుకుంటూ పోయేది. పువ్వులు అల్లేవారు కొందరైతే, వాటిని కలిపి పెద్ద గుడ్డగా అతికేవారు మరికొందరు. చేతిపని, అతుకుపని అనేవారు. ఏజెంటు వచ్చి అల్లిన పని తీసుకుని, కొత్త దారం ఇచ్చి పోయేవాడు. అమ్మ కూలి పెంచమని అడిగినప్పుడల్లా అతనిది ఒకటే మాట: “ఇంట్లో కూర్చుని చేసేదే కదమ్మా!”

ఈ పనిని మా ప్రాంతానికి తెచ్చినది 19వ శతాబ్దపు మిషనరీలు. సంఘంలో చేరిన పేద స్త్రీలు నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని నేర్పించారు. తరువాత అది సంఘం గడప దాటి ఇతర కులాల ఇళ్లకూ చేరింది. మా పల్లెల బల్లగుడ్డలు సముద్రాలు దాటి పోయాయి గాని, అల్లిన చేతులకు దక్కింది కొంచెమే. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. గంటల తరబడి శ్రమించే ఈ స్త్రీలను పనివారుగా ఎంచక, గృహిణులుగానే ఎంచడం వల్ల వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. ఏజెంటు మాటకు అర్థం మాకు అప్పుడు తెలిసింది.

యంత్రపు లేసు చవకగా బజారుకు వచ్చాక పని తగ్గింది. మేమూ సూది పక్కన పెట్టేశాం.

ఇప్పుడు మన కోస్తాలో చేతిపనులు మళ్లీ తల ఎత్తుతున్నాయి. ఒక పెండ్లికి వెళ్లినప్పుడు వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక చూశాం. అంకుడు కర్రను తిరిగే యంత్రానికి బిగించి, లక్కను ఒత్తి పట్టుకుంటే ఆ రాపిడి వేడికి కరిగి రంగు అంటుకుంటుంది. అక్కడ రసాయన రంగులను విడిచి, చెట్ల నుండి తీసిన రంగులకు తిరిగి ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దొరికింది. 2024లో మన నరసాపురం లేసుకూ ఆ గుర్తింపు వచ్చిందని విని మేము ఎంతో సంతోషించాం.

ఆ సంతోషంలోనే, మా సంఘంలో ప్రభువు బల్లపై పరచడానికి చేతి లేసు గుడ్డ చేయించాలనుకున్నాం. పక్క ఊరిలో ఒక విధవరాలు అల్లుతుందని తెలిసి వెళ్లాం. నెలన్నర పడుతుందని చెప్పి, ఆమె ఒక ధర అడిగింది. వెంటనే మా నోటి నుండి వచ్చిన మాట ఏమిటో తెలుసా? “ఇంట్లో కూర్చుని చేసేదే కదమ్మా!”

ఆమె కోపపడలేదు. “కూర్చునే చేస్తానమ్మా. కళ్లకు మాత్రం కూర్చోవడం ఉండదు” అంది.

మా తలలు వంగిపోయాయి. ఆ ఏజెంటును ఎన్నేళ్లుగానో నిందించిన మేము అతని మాటనే అతనికంటే తేలికగా పలికాం. ఆమె అడిగినంతా ఇస్తామని ఒప్పుకుని, సగం ముందే చేతిలో పెట్టాం.

ప్రియ పాఠకులారా, దొర్కా విధవరాండ్రకు బట్టలు కుట్టి ఇచ్చిందని మనం ఎన్నోసార్లు విన్నాం. కుట్టే విధవరాలి దగ్గర మాత్రం బేరమాడుతున్నాం. ఏ గుర్తింపు వచ్చినా, అల్లే చేతికి తగిన కూలి దక్కకపోతే ఆమె కూతురు సూది పట్టదు. ఆ పని ఆమెతోనే ఆగిపోతుంది. మేము అలా ఆపినవాళ్లమే.

గుడ్డ తయారయ్యాక ముందుగా అమ్మకు చూపించాం. ఆమెకిప్పుడు చూపు సరిగా ఆనదు. వేళ్లతో ఒక్కొక్క పువ్వూ తడిమి, “అతుకు బాగా కుదిరింది” అంది. కాసేపాగి, “ఆవిడకు ఎంతిచ్చారే?” అని అడిగింది.

సిగ్గుపడకుండా చెప్పగలిగాం.