బిళ్ళ పేరు - జబ్బు పేరు

మేం ఆరుగురం నర్సింగ్ విద్యార్థినులం. ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాం. ఇంటర్ దాకా అందరిదీ తెలుగు మీడియమే. అనాటమీని ఎలాగో దారికి తెచ్చుకున్నాం గానీ ఫార్మకాలజీ పుస్తకం తెరిస్తే అన్నీ నోరు తిరగని పేర్లే. "ఏ మందు ఏ జబ్బుకు?" అన్న ప్రశ్న పరీక్షలో వచ్చినా రాకపోయినా వార్డులో రోజూ ఎదురవుతుంది. అందుకే రాత్రి భోజనాలయ్యాక ఒకరు మందు పేరు చెప్పడం, ఇంకొకరు జబ్బు పేరు చెప్పడం అలవాటు చేసుకున్నాం.

అలా చదువుతుంటే ఒక సులువు దొరికింది. మనకు ఇంటిపేరు ముందుంటుంది. మందులకు చివర ఉంటుంది! ఎటెనలాల్, మెటోప్రొలాల్ "లాల్" ఇంటివాళ్ళు. గుండె వేగాన్నీ, బీపీనీ తగ్గిస్తారు. ఎనాలప్రిల్, రామిప్రిల్ "ప్రిల్" వాళ్ళు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ "సార్టాన్" వాళ్ళు. ఈ రెండిళ్ళ పనీ ముఖ్యంగా బీపీ తగ్గించడమే. అటోర్వాస్టాటిన్ లాంటి "స్టాటిన్"లు కొలెస్ట్రాల్‌కు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గించడానికి.

అయితే ఇంటిపేరును సగమే చదివితే ప్రమాదం. "జోల్" అని వినగానే గ్యాస్ బిళ్ళ అనుకోకూడదు. ఆల్బెండజోల్ నులిపురుగులకు, మెట్రోనిడజోల్ అమీబా విరేచనాలకు, ఫ్లూకోనజోల్ ఫంగస్‌కు. అలాగే సాల్బుటమాల్, ప్రొప్రనొలాల్ చెవికి చుట్టాల్లా వినిపిస్తాయి. కానీ మొదటిది ఉబ్బసం రోగికి ఊపిరి ఆడేలా చేస్తే, రెండోది అదే రోగికి ఊపిరి బిగబట్టేలా చేయగలదు.

ఇంకో సంగతి. ఒక మందుకు ఒకే జబ్బు ఉంటుందని గీత గీయలేం. ప్రొప్రనొలాల్‌ను బీపీకి ఇస్తారు, పార్శ్వపు నొప్పి రాకుండా కూడా ఇస్తారు. నొప్పులకు వాడే ఆస్పిరిన్‌నే చిన్న మోతాదులో గుండెజబ్బు ఉన్నవారికి రక్తం గడ్డకట్టకుండా ఇస్తారు. అందుకే బిళ్ళను చూసి జబ్బును ఊహించకుండా కేస్‌షీట్ చూడాలి, రోగిని అడగాలి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం - ఈ ఐదూ చూసుకున్నాకే మందు ఇవ్వాలి.

ఇవన్నీ చదివాక మాకు మా ఇళ్ళు గుర్తొచ్చాయి. మా అమ్మలకు బిళ్ళల పేర్లు తెలియవు. తెల్ల బిళ్ళ, ఎర్ర బిళ్ళ, గులాబీ గోలీ అంటారు. కంపెనీ మారితే రంగు మారిపోతుంది. అప్పుడు కొత్త బిళ్ళతోపాటు ఇంట్లో మిగిలిన పాతదీ వేసుకుంటారు, లేదా ఇది మనది కాదని రెండూ మానేస్తారు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తే రక్తం పోతోందని భయపడతారు. ఐరన్ బిళ్ళతో విరేచనం నల్లగా వస్తే పారేస్తారు. ముందే ఒక మాట చెప్పి ఉంటే ఆ భయం ఉండదు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది షుగర్ బిళ్ళ. గ్లిమెపిరైడ్ వేసుకుని, టిఫిన్ లేకుండా పొద్దున్నే కూలికి వెళ్తే చేలోనే చెమటలు పట్టి, వణుకు వచ్చి పడిపోవచ్చు. ఎండదెబ్బ అనుకుంటారు. అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పుస్తకంలో "గ్లిమెపిరైడ్ - మధుమేహం" అని జత కలిపితే మార్కు వస్తుంది. "తినకుండా ఈ బిళ్ళ వేసుకోకమ్మా" అని చెబితే ఒక ప్రాణం నిలుస్తుంది.

అందుకే ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళే చెల్లెళ్ళందరికీ మా మనవి. నర్సింగే చదవనక్కరలేదు. ఇంట్లో ఉన్న మందుల అట్టలు ముందేసుకోండి. వాటి మీద రంగును కాదు, అసలు మందు పేరు చదవండి. దేనికి, ఎప్పుడు, తిన్నాకా తినకముందా అన్నది డాక్టరు చీటీతో సరిచూసి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించండి. చదువురాని వాళ్ళుంటే సూర్యుడు, చంద్రుడు, అన్నం గిన్నె బొమ్మలు వేయండి. మందు మార్చడం, మాన్పించడం మాత్రం మన పని కాదు, డాక్టరును అడగాల్సిందే. అర్థమయ్యేలా చెప్పడం మాత్రం మన పనే. మన అమ్మల భాష మనకన్నా బాగా ఎవరికి వచ్చు?