మోటారు సైకిల్ మీద బందరు సముద్రానికి

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిన మనలాంటి వాళ్ళకి మోటారు సైకిల్ ప్రయాణమంటే ఏముంటుంది చెప్పండి? గుడికీ, ఆసుపత్రికీ, పక్క ఊళ్ళో పెళ్ళికీ వెళ్ళడమే కదా! వెనక సీటు మీద ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో మందుల సంచో, స్వీటు డబ్బానో పట్టుకోవడం. అంతకు మించి ఒక్క రోజు ప్రయాణం కావాలని నేను నోరు తెరిచి అడగడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మాది నూజివీడు. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయలు. వేసవి వచ్చిందంటే తోట పనితో, ఆవకాయలతో ఊపిరి సలపదు. మాకు బందరు 80 కిలోమీటర్ల లోపే. 2022లో కొత్త జిల్లాలు వచ్చి నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసేదాకా మా జిల్లా కేంద్రం బందరే. కచేరీ పనుల మీద మావారు ఎన్నిసార్లు వెళ్ళొచ్చారో! అయినా అక్కడికి 11 కిలోమీటర్లలో ఉన్న మంగినపూడి సముద్రానికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. నేనైతే సముద్రాన్ని సినిమాల్లో చూడ్డమే.

ఎందుకంటే మా ఇంట్లో సముద్రం మాట ఎత్తేవాళ్ళు కాదు. మా అత్తగారి చెల్లెల్ని దివిసీమలో ఇచ్చారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పోయినవాళ్ళలో ఆవిడా ఉంది. ఆ రోజు వేలమంది పోయారు. చాలామందికి శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచీ మా అత్తగారు కొడుకుని సముద్రం దరిదాపులకి పోనివ్వలేదు. ఆవిణ్ణి ఏమనగలం?

బందరు పని మీద వెళ్తున్నామని చెప్పి వెళ్ళిపోదామన్నారు మావారు. నాకది ఇష్టం లేకపోయింది. మాఘమాసంలో ఒకనాటి రాత్రి ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ, "అత్తయ్యా, మేమిద్దరం సముద్రం చూసొస్తాం" అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. అటు తిరిగి పడుకున్నారు. ఇక లేనట్టే అనుకున్నాను.

రెండోరోజు ఆవిడే మా ఆడపడుచుకి ఫోను చేయించి, "ఒక్క రోజు నా దగ్గర ఉండు, వీళ్ళు ఊరెళ్తారట" అన్నారు! బయల్దేరే ముందు నా చేతిలో చిన్న కాగితం పొట్లం పెట్టారు. పసుపు, కుంకుమ. "ఎక్కడైనా సముద్రం ఒకటే కదమ్మా. మా చెల్లి పేరు చెప్పి నీళ్ళలో వదులు. మోకాలు దాటి దిగకు" అన్నారు. అంతే.

తెల్లవారుజామున 5 గంటలకి బయల్దేరాం. మా అమ్మాయి పంజాబీ డ్రస్సు వేసుకుని, రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చున్నాను. ఇంత దూరానికి చీర కుచ్చిళ్ళు, పైట కొంగు చక్రంలో పడతాయేమోనన్న భయం ఉండదు, నడుమూ నొప్పి పెట్టదు. హెల్మెట్ వెనక కూర్చున్న మనకీ ఉండాల్సిందేనండీ, జుట్టు రేగుతుందని తీసెయ్యకండి. గంటకోసారి బండి ఆపి నాలుగడుగులు నడవండి. మధ్యాహ్నానికి చింతపండు పులిహోర కట్టుకెళ్ళాను. పాడవదు, చెయ్యి కడుక్కుంటే చాలు.

పూత మీదున్న మామిడి తోటలు దాటి హనుమాన్ జంక్షన్ చేరేసరికి తెల్లారింది. గుడివాడ వైపు మళ్ళాక ఇక తోటల్లేవు. అంతా కాలవలూ, కోసిన వరిచేలల్లో మినుమూ. గుడివాడలో ఇడ్లీ తిని, గుడ్లవల్లేరు మీదుగా పెడన చేరాం. కలంకారీ అద్దకాల ఊరు అది. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన బట్ట మీద చెక్క అచ్చులతో రంగులద్దుతారు. నల్ల రంగుకి తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నానబెడతారు. మన వంటింటి బెల్లమే!

బందరు పాత రేవు. ఇంగ్లీషు వాళ్ళు 1611లోనే అక్కడ వర్తకం పెట్టారు. 1864లో వచ్చిన ఉప్పెన ఆ ఊళ్ళో 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. మా అత్తగారి భయం ఆవిడ ఒక్కరిదే కాదని ఆ దారిలో నాకు తెలిసొచ్చింది.

మంగినపూడిలో తెల్లటి ఇసుక ఉండదు, నల్లటి బంకమట్టి నేల. పాదం పెడితే మెత్తగా దిగిపోతుంది. యాభై ఏళ్ళ మావారు ప్యాంటు మడుచుకుని చిన్నపిల్లాడిలా నిలబడిపోయారు. నేను మోకాలి లోతు కూడా దిగలేదు. పొట్లం విప్పి, నేనెన్నడూ చూడని ఆ పిన్నత్తగారి పేరు పలికి పసుపు కుంకుమ వదిలాను. ఒక అల వచ్చి తీసుకుపోయింది. కాగితం మడిచి సంచిలో వేసుకున్నాను. ఎందుకో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

తిరుగు దారిలో బందరు లడ్డు కొన్నాం. తొక్కుడు లడ్డు అన్నమాట. శనగపిండితో పూస వండి, దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి కలిపి మళ్ళీ దంచి చుడతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పళ్ళు లేని మా అత్తగారు కూడా హాయిగా తినేశారు. తింటూ, "నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని అడిగారు. "గోరువెచ్చగా ఉన్నాయి అత్తయ్యా" అన్నాను. కాసేపాగి, "వచ్చే మాఘానికి నన్నూ తీసుకెళ్ళండి. ఆ బండి మీద కాదు, కారులో!" అన్నారు.

మీ ఇంట్లోనూ ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉండే ఉంటుంది. చాటుగా వెళ్ళిరావడం తేలికే. కానీ మెల్లగా, ఎదురుగా అడిగి చూడండి. మనతోపాటు వాళ్ళకీ ఒక దారి తెరుచుకుంటుందేమో!