రబ్బరు బ్యాండు వేసిన రిమోట్

రిమోట్ వెనక మూత ఎప్పుడో పోయింది. బ్యాటరీలు జారిపోకుండా రబ్బరు బ్యాండు వేశాం. నిన్న రాత్రి ఊరికే నొక్కుకుంటూ పోతుంటే వేలు ఒకచోట ఆగింది. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’. కళ్ల ముందు వేలాడదీసిన కోడిని చూసుకుంటూ పిసినారి వేషంలో కోట శ్రీనివాసరావు వట్టి అన్నం తింటున్నాడు. 1987 నాటి సినిమా, ఎన్నోసారి చూస్తున్నానో లెక్కలేదు. అయినా నవ్వొచ్చింది.

నవ్వి, అలవాటుగా పక్కకు చూశాను. ఆ పిసినారిని చూసి నాన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వేవారు. తర్వాత టీవీలో ‘అమృతం’ సీరియల్ రోజులొచ్చాయి. అది మొదలయ్యేలోపే అమ్మ అన్నాలు పెట్టేసేది. అమృతం, ఆంజనేయులు కొత్త ఎత్తు వేశారంటే బోల్తా పడతారని ఇంటిల్లిపాదికీ తెలుసు. అలా ముందే తెలియడంలోనే ఒక హాయి.

ఇప్పటి సినిమాలూ చూస్తాను. కొన్నింటికి నవ్వుతాను, కొన్నింటి మధ్యలో కునుకు తీస్తాను. తప్పు వాటిది కాదేమో. హాస్యం తెరమీద పుట్టినా, పక్కన ఇంకొకరు నవ్వితేనే అది ఇల్లు చేరుతుంది.

“ఒక్కడివే నవ్వుతున్నావేంటి నాన్నా?” మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

ఏం చెప్పను? కాస్త జరిగి చోటిచ్చాను.